బడిపంతులుకు మళ్ళీ పరీక్ష

రాజధానిలో వెలువడే తీర్పులకూ, చట్టాలకూ ఒక విచిత్ర లక్షణం ఉంది. పుట్టినచోట వాటి బరువు తెలియదు. సుప్రీంకోర్టులో తీర్పు చదవడం పూర్తికాగానే న్యాయవాదులు తరువాతి వ్యాజ్యం కాగితాలు తిరగేస్తారు. మంత్రిత్వ శాఖలో ఆ తీర్పు ప్రతి ఒక ఫైలులో చేరుతుంది. మరునాడు పత్రికలలో నాలుగు కాలాల వార్త వస్తుంది. ఆ పిమ్మట దాని బరువు మెల్లగా రాష్ట్ర రాజధానులకు, జిల్లా కార్యాలయాలకు, మండలాలకు దిగివచ్చి, చివరకు ఏదో ఒక పల్లెబడిలో నల్లబల్ల ముందు నిలబడిన మనిషి నెత్తిన పడుతుంది.

2025 సెప్టెంబర్ 1న న్యాయమూర్తులు దీపాంకర్ దత్తా, మన్మోహన్‌లతో కూడిన ధర్మాసనం ఇచ్చిన తీర్పు అటువంటిదే. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులలో, పదవీ విరమణకు అయిదేళ్ళకు మించి వ్యవధి ఉన్నవారంతా, విద్యాహక్కు చట్టం రాకముందు నియమితులైనవారితో సహా, రెండేళ్ళలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. కాలేనివారు ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణకు సిద్ధపడాలి. న్యాయంగా రావలసిన విరమణ ప్రయోజనాలు మాత్రం దక్కుతాయి. అయిదేళ్ళలోపు సర్వీసు మిగిలినవారు పరీక్ష లేకుండా కొనసాగవచ్చు. అయితే పదోన్నతి ఆశించకూడదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ నియమం వర్తిస్తుందా అనే ప్రశ్నను మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

టెట్ అని అందరూ పిలిచే ఈ పరీక్ష తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే అది మొదలయింది. రెండున్నర గంటలలో 150 ప్రశ్నలు. మొదటి పేపరులో శిశు వికాసానికి 30, రెండు భాషలకు చెరి 30, గణితానికి 30, పరిసరాల విజ్ఞానానికి 30 మార్కులు. ఇరవై రెండేళ్ళ యువకునికి ఇది ఉద్యోగ సౌధానికి తొలి మెట్టు. నలభై ఏడేళ్ళ ఉపాధ్యాయురాలికి అదే పరీక్ష పాతికేళ్ళుగా నివసిస్తున్న ఇంటికి పట్టా చూపమని అడగడం వంటిది.

నడివయస్సులో మళ్ళీ పుస్తకం పట్టి పంతులు కావడం ఒకప్పుడు వ్యక్తిగతమైన పట్టుదలకు నిదర్శనం. ఇప్పుడది లక్షలాది మందికి సర్కారు విధించిన షరతు. ఈ రెండింటి నడుమ తేడా ఏమిటో చూడాలని ఈ వారం నా ప్రయత్నం.

గడువులు మారిన చట్టం

విద్యాహక్కు చట్టం 2009లో పార్లమెంటు ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 23వ సెక్షను ఉపాధ్యాయుల కనీస అర్హతలకు సంబంధించినది. ఆ సెక్షను కింద జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న అర్హతలను నిర్ణయించింది. శిక్షణ లేని ఉపాధ్యాయులు 2015 మార్చి 31 నాటికి అర్హతలు సంపాదించాలన్నారు. ఆ గడువు దాటిపోయింది. లక్షలాది మంది శిక్షణ లేకుండానే ఉండిపోయారు. 2017లో చట్టాన్ని సవరించి గడువును 2019 మార్చి 31కి జరిపారు.

అప్పుడు జరిగిన ప్రయోగం మన విద్యా చరిత్రలో చెప్పుకోదగినది. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా, అంతర్జాలంలోనూ టెలివిజన్‌లోనూ పాఠాలు ప్రసారం చేస్తూ, దేశమంతటా 13 లక్షలకు పైగా ఉపాధ్యాయులను ఒక్కసారిగా విద్యార్థులను చేశారు. పగలు పిల్లలకు పాఠం. రాత్రి తమకు పాఠం. సెలవు రోజున అధ్యయన కేంద్రంలో హాజరు. పన్నెండో తరగతిలో 50 శాతం మార్కులు లేనివారు ఆ మార్కులు పెంచుకోవడానికి ఆ పరీక్షలు కూడా తిరిగి రాయవలసి వచ్చింది. తమ పిల్లల ఈడువారితో పాటు తలవంచుకుని పరీక్ష హాలులో కూర్చున్న ఆ పంతుళ్ళ ఓర్పును ఎవరూ ప్రశంసించలేదు.

కథ అంతటితో ముగిస్తే బాగుండేది. ఆ శిక్షణ కాలం 18 నెలలు. మామూలు డిప్లొమా రెండేళ్ళు. కనుక ఇది దానికి సమానం కాదన్నారు. పాట్నా హైకోర్టు 2020లో చెల్లుతుందన్నది. సుప్రీంకోర్టు 2023 నవంబర్‌లో సమానం కాదన్నది. 2024 డిసెంబర్‌లో అదే సుప్రీంకోర్టు, 2017 ఆగస్టు 10 నాటికి సర్వీసులో ఉండి గడువులోగా పూర్తి చేసినవారికి చెల్లుతుందని స్పష్టం చేసింది. ప్రభుత్వమే పెట్టిన కోర్సు, ప్రభుత్వ సంస్థే ఇచ్చిన పట్టా! అది కాగితమో, చిత్తుకాగితమో తేలడానికి అయిదేళ్ళు పట్టింది.

అభన్‌పూర్‌లో విన్న మాట

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు దక్షిణాన, ధమ్తరి వెళ్ళే దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన అభన్‌పూర్ ఉంది. 1900లో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు వేసిన చిన్న లైను రాయపూర్ నుంచి ధమ్తరికి వెళుతూ ఇక్కడ రెండుగా చీలి, ఒక శాఖ రాజిమ్‌కు పోయేది. ఆ బొమ్మరైలు కాలగర్భంలో కలిసిపోయింది. 2025 మార్చి 30న పెద్ద లైను మీద, కొత్త రాజధాని నవా రాయపూర్ మీదుగా, మెము రైలు ప్రారంభమయింది. చుట్టూ వరిపొలాలు. ఒక పక్క అద్దాల సచివాలయం, వెడల్పాటి రోడ్లు. మరొక పక్క రేకుల బళ్ళు, బురద బాటలు. రాజధాని నీడలోనే ఉన్నా ఈ ఊరు ఇంకా పల్లెటూరి నడక మరచిపోలేదు.

ఈ ప్రాంతం తెలుగువారికి పరాయిది కాదు. పుష్టిమార్గ ప్రవర్తకుడు వల్లభాచార్యులు 1479లో జన్మించినట్టు చెప్పే చంపారణ్యం రాజిమ్ సమీపంలోనే ఉంది. తల్లిదండ్రులు లక్ష్మణ భట్టు, ఇల్లమ్మగారు తెలుగు బ్రాహ్మణులు. కాశీ నుంచి ప్రాణభయంతో తరలివస్తూ ఈ అడవిలో ఆగారని ఐతిహ్యం. మన కాలానికి వస్తే, రైల్వే పనులకు, భిలాయి ఉక్కు కర్మాగారానికి వలస వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు రాయపూర్, భిలాయి పరిసరాలలో తరతరాలుగా స్థిరపడ్డారు.

అటువంటి కుటుంబంలో పుట్టిన ఒక ఉపాధ్యాయురాలితో అభన్‌పూర్‌లో గంటసేపు మాట్లాడే అవకాశం నాకు కలిగింది. పేరు రాయవద్దన్నారు. వయస్సు నలభై ఎనిమిది. తండ్రి రైల్వేలో గ్యాంగు పని చేశారు. ఆమె తెలుగు మాట్లాడగలరు, చదవలేరు.

“మాయమ్మ నేర్పిన మాటే గాని, తెలుగు అచ్చరం నాకు రాదు బాబూ. హిందీలోనే చదివేను, హిందీలోనే చెప్తన్నాను,” అన్నారు ఆమె.

పన్నెండో తరగతి ప్యాసయి, పెళ్ళయి, 1998లో పంచాయతీ ద్వారా శిక్షాకర్మిగా చేరారు. అప్పటికామెకు ఇరవై ఒక్క ఏళ్ళు. శిక్షణ లేదు. బడిలో చేరిన రోజున పెద్ద పంతులు ఒక హాజరు పట్టీ, ఒక సుద్దముక్కల పెట్టె ఇచ్చి రెండో తరగతి గదిలోకి పంపించారట. అదే ఆమె పొందిన శిక్షణ. ముప్పై అయిదేళ్ళు వచ్చాక ప్రభుత్వం చెప్పగా దూరవిద్యలో డిప్లొమా పూర్తి చేశారు. అప్పుడు చిన్నబిడ్డ ఒడిలో ఉంది. ఇక చదువు అయిపోయిందనుకున్నారు. ఇప్పుడు టెట్.

ఆమెకు పదవీ విరమణ వయస్సు 62. అంటే ఇంకా పద్నాలుగేళ్ళ సర్వీసు. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి అప్పు, మంచాన పడిన అత్తగారు ఆ పద్నాలుగేళ్ళ మీదే ఆధారపడి ఉన్నారు.

“లెక్కలంటే బెంగలేదు బాబూ. పిల్లల మనసు ఎలాగుంటాదో పుస్తకంలో రాసినదాని కంటే ఎక్కువే చూసేను. ఇంగ్లీషే నన్ను ముంచేస్తాది. రాత్రిపూట మా అమ్మాయి చెప్తంది. దానికి విసుగొస్తే నాకు సిగ్గొస్తంది. నేను దాన్ని కసిరినట్టే అది నన్ను కసురుతాది,” అని నవ్వారు.

టెట్ గైడు ఇంటి దగ్గరే ఉంచుతారట. బడికి తీసుకువెళ్ళరు. పంతులమ్మ కూడా పరీక్షకు చదువుతున్నదని తెలిస్తే పిల్లలు ఏమనుకుంటారోనని సంకోచం. పిల్లలు సంతోషిస్తారేమో అన్నాను నేను. “పిల్లలు సంతోషిస్తారు బాబూ. ఆళ్ళ అయ్యలు ఊరుకోరు. ‘ఇన్నేళ్ళూ ఏటీ రానిదేనా మా బిడ్డలకి చెప్పినావు?’ అంటారు,” అన్నారు ఆమె. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. తీర్పు రాసినవారి దగ్గరా, చట్టం చేసినవారి దగ్గరా కూడా ఉండదనుకుంటాను.

చవుక పంతులు ఎక్కడ పుట్టాడు?

ఆమె అన్న ఆ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే మూడు దశాబ్దాలు వెనక్కి పోవాలి. శిక్షాకర్మి అనే మాట మొదట 1987లో రాజస్థాన్‌లో పుట్టింది. పంతుళ్ళు రాని మారుమూల పల్లెలలో స్థానిక యువకులకు తర్ఫీదు ఇచ్చి బడి నడిపించడం దాని ఉద్దేశం. మధ్యప్రదేశ్ ఆ మాటను తీసుకుని వేరే పనికి వాడుకున్నది. 1990వ దశకంలో, పంచాయతీలకు అధికారాలు ఇచ్చే పేరిట, స్థిర వేతనపు ఉపాధ్యాయుల నియామకం ఆపివేసి, ఆ శ్రేణిని అంతరించిపోయే శ్రేణిగా ప్రకటించి, వారి స్థానంలో పంచాయతీల ద్వారా కొద్దిపాటి వేతనానికి శిక్షాకర్మిలను నియమించింది. 1997 జనవరి 1న విద్యా హామీ పథకం వచ్చింది. ఒక కిలోమీటరు లోపల బడి లేని చోట 40 మంది పిల్లలుంటే, గిరిజన ప్రాంతమైతే 25 మంది ఉంటే, గ్రామం కోరిన 90 రోజులలో ప్రభుత్వం ఒక ‘గురూజీ’ని ఇవ్వాలి. ఆయనకు నెలకు 500 రూపాయల గౌరవ వేతనం.

ఈ పథకం పిల్లలను బడికి చేర్చిందనడంలో అసత్యం లేదు. ప్రపంచమంతా మెచ్చుకున్నది కూడా. అయితే బడికి వచ్చిన నిరుపేద బిడ్డకు శిక్షణ లేని పంతులును, ఆ పంతులుకు జీతం లేని ఉద్యోగాన్ని ఇచ్చి, ఖజానాలో మిగిలిన సొమ్మును పొదుపుగా లెక్క రాసుకున్నారు. ‘బతకలేక బడిపంతులు’ అనే పాత సామెతకు సర్కారు ముద్ర పడింది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు కొత్త రాష్ట్రానికి వారసత్వంగా వచ్చిన ఆస్తులలో ఈ శిక్షాకర్మి వ్యవస్థ ఒకటి. ఎన్నో సమ్మెలు, ధర్నాలు జరిగిన పిమ్మట 2018 జూలై నుంచి లక్షకు పైగా శిక్షాకర్మిలను విద్యాశాఖలో విలీనం చేశారు. పంచాయతీ ఉద్యోగులుగా గడిపిన ఏళ్ళను కూడా సర్వీసులో లెక్కించాలనే కోరిక మాత్రం సంఘాల వినతిపత్రాలలో మిగిలిపోయింది.

మళ్ళీ పన్నెండో తరగతికి

అభన్‌పూర్‌కు చేరువలోనే, నవా రాయపూర్‌లో తూతా అనే చోట ప్రభుత్వం ధర్నాలకు ప్రత్యేక స్థలం కేటాయించింది. సచివాలయానికి నినాదాలు వినిపించనంత దూరం. 2024 చివర, 2025 మొదట్లో అక్కడ కూర్చున్నవారు మరొక తరహా ఉపాధ్యాయులు. వీరికి శిక్షణ లేకపోలేదు. ఉన్న శిక్షణ పనికిరాలేదు.

2018 జూన్ 28న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బి.ఎడ్. చదివినవారు కూడా ప్రాథమిక పాఠశాలలలో బోధించవచ్చని ప్రకటించింది. ఆ ప్రకటన చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న పిల్లలకు చదువు చెప్పడం వేరు విద్య అని, దానికి వేరు డిప్లొమా కావాలని న్యాయస్థానం అభిప్రాయం. ఆ వాదంలో బలం ఉంది. అయితే ఆ ప్రకటనను నమ్మి ఛత్తీస్‌గఢ్‌లో సహాయోపాధ్యాయులుగా చేరినవారు హైకోర్టు ఉత్తర్వుతో వీధిన పడ్డారు. 2,800 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. నెలల తరబడి ఆందోళన తర్వాత 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం 2,621 మందిని సైన్సు ప్రయోగశాల సహాయోపాధ్యాయులుగా సర్దుబాటు చేసింది. వారిలో ఆర్ట్సు చదివినవారికి ఒక షరతు పెట్టింది. మూడేళ్ళలోగా పన్నెండో తరగతి గణితం లేదా సైన్సు అర్హత సంపాదించాలి.

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. డిగ్రీ అయింది, బి.ఎడ్. అయింది, టెట్ అయింది, నియామక పరీక్ష అయింది, ఉద్యోగం వచ్చింది, పోయింది. ఇప్పుడు తిరిగి పన్నెండో తరగతి! పరమపద సోపాన పటంలో పెద్దపాము నోట పడినవాడికైనా ఇంతకంటే మెరుగైన గతి ఉంటుంది. ఆటలో కనీసం నియమాలు మధ్యలో మారవు.

మనవైపు చూసుకుంటే

ఇదంతా ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సంగతి అని మనం చేతులు దులుపుకోవడానికి వీలులేదు. 1980వ దశకంలో నెలకు 398 రూపాయలకు నియమితులైన స్పెషల్ టీచర్లు మన రాష్ట్రంలోనివారే. ఆ అంకెతోనే వారిని పిలిచేవారు. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. పేర్లు మారాయి, పొదుపు మారలేదు.

1998 డి.ఎస్.సి. అభ్యర్థుల ఉదంతం ఇంకా విషాదకరం. పరీక్షలో నెగ్గి, వివాదాలలో చిక్కి, ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరిగి, చివరకు 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాలు ఇవ్వడానికి అంగీకరించే నాటికి వారు యాభైలలో పడ్డారు. కొందరు కాలం చేశారు. కొందరికి విరమణకు రెండు మూడేళ్ళే మిగిలింది. నడివయస్సు దాటిన ఆ మనుషులు, అంతకాలం కూలిపనో చిల్లర వ్యాపారమో చేసుకున్న చేతులతో సుద్దముక్క పట్టుకున్నారు. ఇంత ఆలస్యంగా వచ్చిన కోరిక తీరినట్టా, తీరనట్టా?

2025లో 16,347 పోస్టులకు వెలువడిన మెగా డి.ఎస్.సి.లో వయోపరిమితిని 44కు పెంచడం మంచి నిర్ణయం. రిజర్వుడు వర్గాలకు అది మరో అయిదేళ్ళు. ఏళ్ళ తరబడి నియామకాలు లేక వయస్సు మీరిపోయినవారికి ప్రభుత్వం బాకీపడిన అవకాశమే అది. అదే ఏడాది చివర రాష్ట్రంలో జరిగిన టెట్‌కు సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులు కూడా కూర్చున్నారు. గురువు, ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన శిష్యుడు ఒకే పరీక్ష రాసే రోజులు వచ్చాయి.

దుర్గాబాయమ్మ చూపిన దారి

నడివయస్సు చదువుకు మన దేశంలో మరొక సంప్రదాయం ఉంది. అది శిక్షతో కాక ఆహ్వానంతో మొదలయింది. దానికి ఆద్యురాలు ఒక తెలుగు మహిళ కావడం మనకు గర్వకారణం.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, కాకినాడలో పన్నెండేళ్ళ ఈడున ఆడవారికోసం హిందీ పాఠశాల పెట్టారు. తల్లి కూడా ఆమె శిష్యురాలే. అంటే ఆమె ముందు పంతులమ్మ. ఆ తర్వాతే విద్యార్థిని. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చాక, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి బి.ఏ., 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. చదువు ఆగిపోయిన స్త్రీలను కాశీ మెట్రిక్‌కు తయారుచేయడం మద్రాసులోని ఆంధ్ర మహిళాసభ తొలి పనులలో ఒకటి.

ఈ అనుభవాన్నే ఆమె ఢిల్లీకి తెచ్చారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలిగా ఉంటూ, 1958లో వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించారు. వితంతువులు, భర్త వదలిన స్త్రీలు, పేదరికం వల్ల బడి మానినవారు రెండేళ్ళలో మెట్రిక్ స్థాయికి చేరుకునేవారు. వారు గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయురాళ్ళు కావాలన్నది లక్ష్యం. పల్లెలలో పంతులమ్మలు దొరకడం లేదు. పల్లెలలోనే చదువు ఆగిన స్త్రీలున్నారు. ఈ రెండు కొరతలను ఒకదానితో ఒకటి తీర్చవచ్చునని గ్రహించడం ఆమె ప్రతిభ. గమనించవలసిన విషయం ఏమంటే, ముందు చదువు, తర్వాత ఉద్యోగం. ఖర్చు సర్కారుది, శ్రమ విద్యార్థినిది. ముందు ఉద్యోగంలోకి తోసి, పాతికేళ్ళ పిమ్మట పట్టా అడిగే పద్ధతి కాదది.

ఆ స్ఫూర్తికి మరో రూపం 1982లో హైదరాబాదులో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో అది మొదటిది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. బడి ముఖం సరిగా చూడనివారు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు అది తలుపు తెరిచింది. దాని తొలి ఉపకులపతి జి. రామిరెడ్డి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ తొలి ఉపకులపతి అయ్యారు. చదువుకు వయస్సు అడ్డు కాదని దేశానికి చెప్పిన ఊరు మనది.

బిడ్డ హక్కు, పంతులు గోడు

ఇంత చెప్పినంత మాత్రాన, పంతుళ్ళకు పరీక్షే వద్దని నా వాదం కాదు. పల్లెబడిలో కూర్చున్న బిడ్డ వైపు నుంచి కూడా చూడాలి. డబ్బున్నవాడి బిడ్డకు అర్హుడైన గురువు, పేదవాడి బిడ్డకు దొరికిన గురువు అనే విభజనను ఏ ప్రజాస్వామ్యవాదీ సమర్థించలేడు. వానాకాలం చదువులు చదివినవారు వానాకాలం చదువులే చెబుతారన్న భయం నిరాధారం కాదు. న్యాయస్థానం బిడ్డ హక్కును ముందు నిలపడం సబబే.

కాని పరీక్ష వేరు, శిక్షణ వేరు. నూట యాభై ప్రశ్నలకు గుర్తులు పెట్టగలిగినంత మాత్రాన మంచి పంతులు కాడు. పెట్టలేనంత మాత్రాన చెడ్డ పంతులూ కాడు. విద్యాహక్కు చట్టం 23వ సెక్షను ఉపాధ్యాయుని అర్హత అడుగుతుంది. అదే చట్టం 8వ సెక్షను ఉపాధ్యాయ శిక్షణకు సదుపాయం కల్పించడం ప్రభుత్వ విధి అంటుంది. మొదటిదానికి గడువు పెట్టారు. రెండవదానికి ఎవరు గడువు పెట్టాలి?

పైగా ఆ రెండేళ్ళ గడువు ఎలా గడుస్తున్నదో చూడండి. 2025 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌తో సహా పలు రాష్ట్రాలలో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలయింది. ఇల్లిల్లూ తిరిగి పత్రాలు నింపే బాధ్యత చాలాచోట్ల పడింది ఉపాధ్యాయుల మీదే. దాని వెనుకనే జనగణన. బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని 27వ సెక్షను చెబుతూనే, ఎన్నికలను, జనగణనను, విపత్తులను మినహాయించింది. పగలు బడి, సాయంకాలం జాబితా, రాత్రి వంట, ఆపైన చదువు. ఇందులో చదువుకు మిగిలే సమయం ఎంతో లెక్క కట్టడానికి గణితం పేపరు అక్కరలేదు.

ప్రభుత్వాలు చేయవలసినవి అసాధ్యమైన పనులు కావు. పరీక్ష రాయవలసినవారికి జీతంతో కూడిన కొద్ది వారాల అధ్యయన సెలవు ఇవ్వవచ్చు. జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో సెలవుదినాలలో ఉచిత తరగతులు నడపవచ్చు. ఆ గడువులోగా వీలైనన్ని సార్లు పరీక్ష జరపవచ్చు. గడువు ముగిసేదాకా జాబితా పనుల నుంచి వారిని తప్పించవచ్చు. ఆంగ్లంలో వెనుకబడినవారికి ఆంగ్లం నేర్పవచ్చు. అది వారికే కాదు, వారి ముందు కూర్చున్న పిల్లలకూ లాభం. ఇవేమీ చేయకుండా ఫలితాల రోజున జాబితా చూసి ఇంటికి పంపడమంటే, ఏరు దాటాక తెప్ప తగలేయడమే. ఆ తెప్ప మీదనే ఈ రాష్ట్రాలన్నీ సార్వత్రిక విద్య అనే ఏరు దాటాయి.

కొందరు ముఖ్యమంత్రులు, సంఘాలు తీర్పు పునస్సమీక్ష కోరడంతో తమ బాధ్యత తీరిందనుకుంటున్నారు. ఓట్ల లెక్కలో ఉపాధ్యాయులు పెద్ద వర్గం కనుక ఆ ఆత్రుత అర్థమవుతుంది. న్యాయస్థానం మెట్ల మీద ఉపశమనం దొరికితే మంచిదే. అయితే అది పంతులును కాపాడుతుందే గాని పాఠాన్ని కాపాడదు. మళ్ళీ మరొక తరం చవుక పంతుళ్ళను నియమించి, మరో పాతికేళ్ళకు మరో తీర్పు కోసం ఎదురుచూడడమే మన విధానమైతే, నష్టపోయేది మాత్రం బడికి నడిచివచ్చే బిడ్డే.

2024-25 విద్యా సంవత్సరపు లెక్కల ప్రకారం దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య కోటి దాటింది. అదే లెక్కలలో లక్షకు పైగా బడులలో ఒక్కరే ఉపాధ్యాయులు. అటువంటి బడులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అన్న సంగతి మనం తలదించుకుని చదవవలసినది. ఆ ఏకైక ఉపాధ్యాయుడు పరీక్షకు చదువుకోవాలంటే బడి మూయాలి. బడి నడపాలంటే పుస్తకం మూయాలి. 2027 ఆగస్టు నెలాఖరుకు ఆయన ఏ పుస్తకం తెరిచి ఉంచాలో చెప్పవలసిన బాధ్యత ఢిల్లీది, రాయపూర్‌ది, అమరావతిది, హైదరాబాదుది. ఆయనది మాత్రం కాదు.